గొడవ అంటే చప్పుడు

మేజిస్ట్రేటు గారి ఎదుట, వారి గదిలోనే, ఉదయం పదకొండు గంటలకు మొదలుపెట్టి నమోదు చేసిన వాంగ్మూలం. ముద్దాయి చెప్పగా గుమాస్తా రాసినది.

నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు పై కాగితంలో ఉన్నాయి. చూశాను, తప్పుల్లేవు. వయసు నలభై తొమ్మిది. పెద్దాసుపత్రి లాండ్రీలో రాత్రి షిఫ్టు పని చేస్తున్నాను. వార్డుల దుప్పట్లు, ఆపరేషన్ గది గుడ్డలు ఉతికే మిషన్ల దగ్గర నా పని. ఇంతకు ముందు నా మీద ఏ కేసూ లేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ చూపలేదు. కానిస్టేబుల్ని చెంబుతో కొట్టిన మాట నిజం. దాన్ని కాదనడానికి నేను రాలేదు. కానీ అంతకు ముందు జరిగిందంతా వరసగా రాసుకుంటేనే చెబుతాను, లేకపోతే ఆ ఒక్క ముక్క రాసుకుని నన్ను పంపేయండి అన్నాను. మేజిస్ట్రేటు గారు "మొత్తం చెప్పమ్మా" అన్నారు. అందుకని చెబుతున్నాను.

మాది సందులో మేడ మీద రెండు గదుల ఇల్లు. కింది వాటాకి తాళం. పైన నేనూ మా తమ్ముడూ ఉంటాం. వాడికి ముప్పై ఐదేళ్ళు. వాడికి ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది, అప్పటినుంచి నా చేతుల్లోనే పెరిగాడు. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు ఎందుకు కాలేదని గుమాస్తా గారు అడిగారు. కాలేదు, అంతే. మా తమ్ముడు స్కూలు బస్సు డ్రైవరు. ఇన్నేళ్ళలో వాడి బస్సుకి చిన్న గీత కూడా పడలేదు. ఇంజను చప్పుడు విని బండికి ఏం జబ్బు చేసిందో చెప్పేస్తాడు. షెడ్డులో మిగతా డ్రైవర్లు వాణ్ణి డాక్టరు అని పిలుస్తారు. ఈ సంగతి కూడా రాసుకోమన్నాను.

సందుకి అవతలి పక్క కిటికీలకి, మెట్లకి గ్రిల్స్ చేసే షాపు ఉంది. ఇనుప రాడ్లు కోసే మిషను సరిగ్గా మా పడకగది కిటికీకి ఎదురుగా పెట్టుకున్నాడు. షాపాయన్ని మేము రంపం అంటాం. అది ఆయనకీ తెలుసు. నేను డ్యూటీ దిగి ఇంటికి చేరేసరికి ఏడున్నర అవుతుంది. ఇంత తిని పడుకోబోయే వేళకి రంపం మిషను ఆన్ చేస్తాడు. సాయంత్రం దాకా కొయ్యడం, సుత్తి పెట్టి కొట్టడం, మళ్ళీ కొయ్యడం. నేను చెవుల్లో దూది పెట్టుకుని, పైన తువ్వాలు చుట్టుకుని పడుకుంటాను. ఒకసారి వెళ్ళి బతిమాలాను. "అన్నా, మధ్యాహ్నం రెండు గంటలు ఆపు" అన్నాను. "ఇనుము నోరు మూసుకుని తెగదు కదమ్మా" అన్నాడు. ఆ మాటకి అక్కడి పనివాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నిద్ర చాలక పిచ్చి నవ్వు.

సందు మొదట్లో పోలీసు బోర్డు ఉంది. ఏ ఇబ్బంది వచ్చినా మాకు ఫోన్ చేయండి అని నంబరు రాసి ఉంటుంది. నాది ఇబ్బందే కదా అని చేశాను. అవతల ఒక అమ్మాయి ఎత్తింది. ఆ మొదటి ఫోన్లో మాట్లాడుకున్నది నాకు బాగా గుర్తుంది.

"చెప్పండమ్మా, ఏం జరుగుతోంది?"

"ఒకటే గొడవ తల్లీ, తట్టుకోలేకపోతున్నాను" అన్నాను.

"ఎప్పటినుంచి?"

"రోజూ ఇదే గొడవ. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"దెబ్బలే దెబ్బలు. సుత్తి పెట్టి బాదుతుంటే నా తల పగిలిపోతోంది."

"అయ్యో. ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

"మా తమ్ముడొక్కడే."

ఆ అమ్మాయి గొంతులో చాలా జాలి వినిపించింది. చప్పుడు గురించి ఇంత జాలిపడే పోలీసులు కూడా ఉన్నారా అనుకున్నాను. "ధైర్యంగా ఉండండి, మనిషిని పంపిస్తున్నాం" అంది. కాసేపటికి ఒక కానిస్టేబుల్ మోటారు సైకిల్ మీద వచ్చి సందులో నిలబడ్డాడు. ఖాకీ బట్టలు కనబడగానే రంపం మిషను ఆపేశాడు. కానిస్టేబుల్ మా గుమ్మం కేసి చూసి, అంతా నిశ్శబ్దంగా ఉందని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక కూడా ఒక గంట మిషను మోగలేదు. ఆ గంట నేను హాయిగా నిద్రపోయాను.

ఆ గంట నిద్ర కోసం తర్వాత కూడా ఫోన్ చేశాను. రాత్రి పని మరీ ఎక్కువై కళ్ళు మూతలు పడుతున్న రోజుల్లో చేశాను. ప్రతిసారీ గొడవ అనే అన్నాను. మా ఇంట్లో చప్పుడుని గొడవ అనే అంటాం. అమ్మ మమ్మల్ని "గొడవ చేయకండర్రా" అని కసిరేది. అందరిళ్ళలోనూ అంతే. మేజిస్ట్రేటు గారి ఇంట్లో కూడా అంతే అయి ఉంటుంది. నేను ఫోన్ చేయడం తప్పని ఇక్కడ ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను ఒప్పుకోను. ఫోన్ చేయమని బోర్డు పెట్టింది వాళ్ళు.

ఇలా ఏడాదిన్నర గడిచింది. అప్పుడు పోలీసులకి కొత్త కంప్యూటరు పద్ధతి వచ్చింది. నేరం జరిగాక పరిగెత్తడం కాదు, జరగక ముందే పసిగడతాం అని టీవీలో చెప్పారు. వచ్చిన ఫోన్లు, పాత కేసులు, ఎక్కడ ఎవర్ని ఆపి అడిగారో అవన్నీ కలిపి లెక్కగట్టి, ఏ వీధిలో ఏ వారం ఏం జరగబోతోందో చెబుతుందట. మంచిదే అనుకున్నాను. లాండ్రీలో అందరం మంచిదే అనుకున్నాం.

అప్పటినుంచి రోజూ సాయంత్రం మా సందు చివర జీపు ఆగడం మొదలైంది. ఇన్నాళ్ళకి నా మొర విన్నారు, రంపం పని పట్టడానికే వచ్చారనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది. కిందికి దిగి వాళ్ళకి టీ కూడా ఇచ్చాను. ఇది రాసుకోండి. మా ఇంటి మీద కాపలా కాయడానికి వచ్చినవాళ్ళకి నా చేత్తో నేనే టీ ఇచ్చాను.

వాళ్ళు రంపాన్ని ఒక్క మాట అడగలేదు. మా తమ్ముడు బస్సు షెడ్డులో పెట్టి ఇంటికి రాగానే ఆపేవాళ్ళు. ఎక్కడనుంచి వస్తున్నావు, సంచిలో ఏముంది, తాగావా, నోరు ఊదు. సంచిలో స్పానర్లు ఉంటే ఇవెందుకు అని అడిగారు. "బస్సు బోల్టులు బిగించడానికి సార్" అన్నాడు వాడు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. వాడికి కోపం రాదు. వచ్చినా వాడి కోపం ఎదటివాళ్ళకి తెలియదు. ఇంటికొచ్చి, "వాళ్ళ డ్యూటీ వాళ్ళది కదక్కా" అనేవాడు. వాణ్ణి ఆపిన ప్రతిసారీ అది కూడా కంప్యూటర్లో మా ఇంటి ఖాతాలోనే పడుతోందని మాకు తెలియదు.

ఒకరోజు ఒక కుర్ర ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. యూనిఫారం లేదు, చేతిలో పలక లాంటి కంప్యూటరు ఉంది. విశ్లేషణ విభాగం అన్నాడు. నేను లెక్కల సారు అంటాను. మనిషి మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి వచ్చాడు. మా తమ్ముడు ఇంట్లో లేడని చూసుకుని కూర్చున్నాడు.

"మీ ఇల్లు ఎర్రగా ఉందమ్మా" అన్నాడు.

"అదేంటి సార్, పోయినేడే తెల్ల రంగు వేయించాం" అన్నాను.

అతను నవ్వకుండా, "మ్యాపులో" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు భయపడకుండా చెప్పొచ్చు. మీ తమ్ముడు మిమ్మల్ని ఎప్పటినుంచి కొడుతున్నాడు?" అని అడిగాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. ఈగ వాలితే తోలడానికి కూడా మొహమాటపడే మనిషి వాడు. ఆ నవ్వు చూసి అతను పలక మీద ఏదో నొక్కాడు. బాధితురాలు భయంతో నిజం దాస్తోంది అని నొక్కాడట. ఆ సంగతి తర్వాత ఆఫీసులో తెలిసింది.

ఆ వారంలోనే పోలీసులు స్కూలుకి వెళ్ళారు. అరెస్టు కాదు, ఊరికే వాకబు. మీ దగ్గర పనిచేసే ఫలానా డ్రైవరు ప్రవర్తన ఎలా ఉంటుంది, ఇంట్లో ఆడవాళ్ళని హింసిస్తాడని మాకు సమాచారం ఉంది అని మేనేజరుని అడిగారు. పిల్లల్ని తిప్పే బస్సు. ఆ మాట చెవిన పడ్డాక ఏ మేనేజరు ఊరుకుంటాడు? మర్నాటినుంచి వాణ్ణి బస్సు ఎక్కనివ్వలేదు, షెడ్డులో బస్సులు కడగమన్నారు. రెండు వారాలు కడిగాడు. తర్వాత, "కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండు, ఇదంతా సద్దుమణిగాక పిలుస్తాం" అన్నారు. వాడు యూనిఫారం చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాడు. పిలిచిన రోజు తొడుక్కుంటానన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయి విశ్లేషణ విభాగం ఆఫీసుకి వెళ్ళాను. పెద్ద గది, గోడంత తెర, దాని మీద ఊరు. వీధులన్నీ తెలుపు, పసుపు, మధ్యమధ్య ఎరుపు. లెక్కల సారు మా ఇంటి చుక్క మీద వేలు పెడితే పక్కన పెట్టె తెరుచుకుంది. అతనే చదివి వినిపించాడు. ఘర్షణ. ఘర్షణ. ఘర్షణ. ఆయుధం, సుత్తి. గాయం, తల. అనుమానితుడు, తమ్ముడు. మళ్ళీ ఘర్షణ. ఎంత కిందికి జరిపినా అదే మాట.

"నేను ఘర్షణ అని ఎప్పుడన్నాను సార్? ఆ మాట నా నోట్లో కూడా తిరగదు" అన్నాను.

"గొడవ అన్నారు కదమ్మా. గొడవని మేము ఘర్షణ కింద వేస్తాం."

"గొడవ అంటే చప్పుడు సార్! ఎదురింటి మిషను చప్పుడు!"

"గొడవ అంటే కొట్టుకోవడం కూడా కదా."

"మీ పిల్లలు అల్లరి చేస్తుంటే మీరేమంటారు?"

"గొడవ చేయకండర్రా అంటాను" అన్నాడు.

"మరి మీ ఇల్లు తెల్లగా ఎందుకుంది?"

పక్క బల్లల దగ్గరివాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు చూసి పని అయిపోయిందనుకున్నాను. మార్చండి సార్ అన్నాను. ఎక్కినవి ఎక్కినట్టే ఉంటాయి, మార్చే అధికారం తనకి లేదన్నాడు. ఫోన్ల రికార్డు వినండి అన్నాను. అవి మూడు నెలలకి చెరిగిపోతాయి, రాసుకున్న మాటే మిగులుతుందన్నాడు. చివరికి జాలిపడి, "మీరు ఫోన్లు చేయడం మానేయండమ్మా. లెక్క దానంతట అదే తగ్గిపోతుంది" అని సలహా ఇచ్చాడు.

మానేశాను. చెవుల్లో ఇంకాస్త దూది కుక్కుకుని పడుకున్నాను. తమ్ముడు పగలంతా ఇంట్లోనే ఉండేవాడు. నేను పడుకుంటే గిన్నె కూడా కదిపేవాడు కాదు, మునివేళ్ళ మీద నడిచేవాడు.

ఫోన్లు ఆగిపోతే లెక్క తగ్గలేదు, పెరిగింది. ఏడాదిన్నరగా ఫోన్ చేసే ఆడమనిషి ఉన్నట్టుండి మానేసిందంటే, ఎవరో ఫోన్ చేయనివ్వడం లేదన్నమాట. అదే సమయంలో అనుమానితుడికి ఉద్యోగం పోయింది, రోజంతా ఇంట్లోనే ఉంటున్నాడు. రెండూ కలిపితే ఈ వారంలో ఈ ఇంట్లో ఘోరం జరుగుతుందని కంప్యూటరు చెప్పింది. ఉద్యోగం ఎవరు పోగొట్టారన్నది అడగడానికి దాంట్లో గడి లేదు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, స్టేషన్లో లెక్కల సారే నాకు విడమరిచి చెప్పాడు. మేజిస్ట్రేటు గారు అతన్ని పిలిచి అడగవచ్చు.

ఇక నేను చెంబుతో కొట్టిన గురువారం సంగతి. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం. నేను నిద్రలో ఉన్నాను. కాబట్టి ఇప్పుడు చెప్పేదాంట్లో మొదటి భాగం మా తమ్ముడు నాకు చెప్పింది, రెండో భాగం నేను కళ్ళారా చూసింది. వేరువేరుగా రాసుకోమని కోరాను, గుమాస్తా గారు అలాగే రాస్తున్నారు.

తమ్ముడు చెప్పింది. నలుగురు పోలీసులు మెట్లెక్కి వచ్చి తలుపు బాదారు. వాడు పరుగున వెళ్ళి తీశాడు. "మీ అక్క ఎక్కడ?" అని గట్టిగా అడిగారు. వాడు వేలు పెదాల మీద పెట్టుకుని, "గొడవ చేయకండి సార్, అక్క పడుకుంది" అన్నాడు. ముందున్న కానిస్టేబుల్, "ఎవడ్రా గొడవ చేసేది? మాకే చెబుతావా?" అన్నాడు. వెనకాల ఇంకొకతను గదిలోకి తొంగి చూసి, మంచం మీద తలకి గుడ్డ కట్టుకుని కదలకుండా పడి ఉన్న నన్ను చూశాడు. "చంపేశాడ్రా" అని అరిచాడు. అప్పుడు ముందున్న కానిస్టేబుల్ వాణ్ణి చెంప మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. ఎడమ చెవి మీద పడింది.

నేను చూసింది. ఎవరో నా భుజం పట్టి కుదిపితే మెలకువ వచ్చింది. చెవుల్లో దూది ఉంది కాబట్టి నాకు ఏమీ వినబడటం లేదు. గదిలో నలుగురు మగవాళ్ళు, అందరి నోళ్ళూ కదులుతున్నాయి. తమ్ముడు నేల మీద చెవి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి సన్నగా రక్తం వస్తోంది. ఒకతను వాడి మెడ మీద మోకాలు పెట్టబోతున్నాడు. మంచం పక్కన నీళ్ళ చెంబు ఉంటుంది. దాన్ని తీసి అతని తల మీద కొట్టాను. నీళ్ళతో సహా కొట్టాను. ఎన్నిసార్లని గుమాస్తా గారు అడిగారు. ఒకసారే. రెండోసారి కూడా కొట్టేదాన్నే, చెంబు చేతిలోంచి లాగేసుకున్నారు.

కానిస్టేబుల్‌కి మూడు కుట్లు పడ్డాయి. ఆయన మీద నాకు పగ లేదు. పాపం, ఆయన నన్ను కాపాడటానికే వచ్చాడని పోలీసు నివేదికలో రాశారు. నిజమే, నలుగురు వచ్చారు కాపాడటానికి. ఒక్కడు చెవిలో దూది తీసి నన్ను అడిగినా సరిపోయేది.

స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉండగా లెక్కల సారు వచ్చాడు. నా మొహం చూడలేక గోడ కేసి చూస్తూ, "లెక్క ముందే చెప్పిందమ్మా, ఈ వారం మీ ఇంట్లో జరుగుతుందని" అన్నాడు. వెటకారం లేదు అతని మాటలో, నిజంగానే బాధపడ్డాడు. అదే నాకు ఇంకా కడుపు మండించింది. ఎదురుగా స్టేషన్ పెద్ద ఆఫీసరు ఫోన్లో ఎవరితోనో మా ఇంటి నంబరు చెప్పి, "లెక్క కరెక్టుగా తేలింది సార్, ప్రాణం పోకముందే చేరుకున్నాం" అంటున్నాడు. కంప్యూటరు గొడవ జరుగుతుందంది. జరిగింది. మా ఇంట్లో ఇన్నేళ్ళలో జరిగిన మొదటి గొడవ అది. దాన్ని ఘర్షణ అని రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

మా తమ్ముణ్ణి నేను పనిచేసే ఆసుపత్రిలోనే చూపించాం. కర్ణభేరి చిరిగిందన్నారు. లోపల నరం కూడా దెబ్బతిందట, ఆ చెవికి ఇక వినికిడి రాదన్నారు. బస్సు లైసెన్సుకి రెండు చెవులూ పనిచేయాలి. స్కూలువాళ్ళు పిలవలేదు, ఇక పిలిచినా లాభం లేదు. వాడి దిండు గలీబు మీది రక్తం మరక నేనే ఉతికాను. చన్నీళ్ళలో నానబెడితే పోతుంది, నా పనే అది. ఇది పోలేదు.

ఇక్కడిదాకా రాశాక గుమాస్తా గారు చదివి వినిపించారు. మూడో పేజీలో "మా ఇంట్లో తరచూ జరిగే గొడవల గురించి పోలీసులకు ఫోన్ చేశాను" అని ఉంది. ఆయన కావాలని రాయలేదు, రాసే అలవాటు అలాంటిది. అది కొట్టేయించాను. "ఎదుటి షాపు మిషను చప్పుడు గురించి" అని రాయించి పక్కన సంతకం పెట్టాను. మేజిస్ట్రేటు గారు చూశారు.

ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. ఒక్కటి. బెయిలు మీద ఇంటికి వెళ్ళిన మర్నాడు రంపం మామూలుగానే మిషను వేశాడు. అతని షాపు మ్యాపులో తెల్లగానే ఉంది, అతని మీద ఎవరూ ఏమీ రాయలేదు. నాకు తల పగిలిపోతోంది. తమ్ముడు కిటికీ కింద చాప మీద పడుకుని ఉన్నాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది. "అది మూయరా" అన్నాను. పలకలేదు. లేచి వెళ్ళి భుజం తట్టాను. తల ఎత్తాడు, నేను మళ్ళీ అడిగింది విని నవ్వాడు.

"నాకిప్పుడు ఏ గొడవా లేదక్కా" అన్నాడు. "మంచి చెవి దిండుకి ఆనించి పడుకుంటున్నాను."

ఈ గొడవని ఏ గడిలో వేస్తారో లెక్కల సారుని అడగండి.

పైన రాసినదంతా నేను చెప్పిందే. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. చదివి వినిపించినప్పుడు చెవుల్లో దూది తీసేసి విన్నాను. చప్పుడు అని చెప్పిన చోట చప్పుడు అనే ఉందని నా కళ్ళతో చూసుకుని, ఇది నిజమని ఒప్పుకుంటూ సంతకం చేస్తున్నాను.

(ముద్దాయి సంతకం)

నా సమక్షంలో నమోదై, ముద్దాయికి చదివి వినిపించి, ఆమె కోరిన దిద్దుబాటుతో ముగిసినది.

(మేజిస్ట్రేటు సంతకం)